కప్పెట్టకముందే చూడాలి: తుపాను తర్వాత కట్టే పనుల గురించి ఒక ఫీల్డ్ ఇంజనీరు మాటలు

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు డిప్లొమా, ఇంజనీరింగ్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు నుంచి ఎత్తి రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడులో నా మాట అంత దూరం వినబడదు.

అక్టోబరు నెల అంటే ఏమిటో గంజాం జిల్లాలో పుట్టినవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. 1999 అక్టోబరు 17న గోపాల్‌పూర్ దగ్గర ఒక తుపాను తీరం దాటింది. బయటివాళ్ళకి అది గుర్తు లేదు, ఎందుకంటే 12 రోజులకే, 29న, పారాదీప్ వైపు సూపర్ సైక్లోన్ వచ్చి దాదాపు 10 వేల మందిని పొట్టన పెట్టుకుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్, మళ్ళీ మన గోపాల్‌పూర్ దగ్గరే, గంటకు 200 కిలోమీటర్ల గాలితో. 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ. అది పలాస దగ్గర తీరం దాటింది గానీ, ఉద్దానం కొబ్బరితోటల్ని పడగొట్టి అక్కడితో ఆగలేదు. గజపతి జిల్లా కొండల మీద కుండపోత కురిపించింది. వంశధార, మహేంద్రతనయ పొంగాయి. బారఘరా అనే ఊళ్ళో జనం వానకి తలదాచుకోవడానికి గుహలాంటి చోటులో చేరితే, కొండచరియ వాళ్ళ మీదే పడింది.

ఇవన్నీ మీకు తెలిసినవే. మరి ఎందుకు చెబుతున్నాను? ఫైలిన్ సమయంలో ఒడిశాలో 10 లక్షల మందిని ముందే ఇళ్ళలోంచి తీసి భద్రమైన చోట్లకు చేర్చారు. 1999లో వేలల్లో ఉన్న చావులు 2013కి పదుల్లోకి దిగాయి. ప్రపంచమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవలసిన పనే. అయితే షెల్టర్లోంచి మర్నాడు ఇంటికి వెళ్ళిన మనిషికి ఇల్లు ఉందా? ఊరికి వచ్చే రోడ్డు ఉందా? కల్వర్టు ఉందా? నీళ్ళ బోరు పనిచేస్తోందా? అక్కడి నుంచి మన పని మొదలవుతుంది. మీలో చాలామంది రేపు జూనియర్ ఇంజనీర్లుగా, సైట్ ఇంజనీర్లుగా ఈ పనుల్లోకి వస్తారు. అందుకే ఈ రోజు డిజైన్ల జోలికి పోను. సైటు గురించే మాట్లాడతాను.

తుపాను వెళ్ళిన వారంలో ఫీల్డ్ ఇంజనీరు చేయవలసిన మొదటి పని ఏమిటి? చెప్పండి. ... నష్టం అంచనా. అవును, అది ఎలాగూ చేయిస్తారు, కలెక్టరు ఆఫీసు నుంచి గంటకొక ఫోను వస్తుంది. కానీ దానికంటే ముందు ఇంకొకటి ఉంది. వరద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తు పెట్టాలి. ఇళ్ళ గోడల మీద బురద గీత ఉంటుంది. చెట్టు కొమ్మల్లో గడ్డి, ప్లాస్టిక్ సంచులు చిక్కుకుని ఉంటాయి. కరెంటు స్తంభం మీద చార కనబడుతుంది. అది ఎన్నాళ్ళు ఉంటుంది? ఒక్క వాన పడితే పోతుంది. ఇంటివాళ్ళు సున్నం వేసుకుంటే పోతుంది. కాబట్టి ఎర్ర పెయింటు డబ్బా, బ్రష్షు పట్టుకుని, ఆ ఊరి పెద్దమనిషిని ఒకర్ని వెంటబెట్టుకుని వెళ్ళాలి. గోడ మీద, బడి మీద, గుడి గట్టు మీద గీత గీసి తేదీ రాయాలి. తర్వాత లెవల్ పరికరం పెట్టి ఆ గీత ఎత్తు పుస్తకంలోకి ఎక్కించాలి.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, రేపు ఆ ఊళ్ళో కట్టే ప్రతి ఇంటి అరుగు ఎత్తు, ప్రతి కల్వర్టు కింద వదిలే ఖాళీ, చేతిపంపు గట్టు ఎత్తు అన్నీ ఆ గీత మీదే ఆధారపడతాయి. గీత చెరిగిపోయాక వెళ్ళి అడిగితే ఒకాయన మోకాలిదాకా అంటాడు, ఒకాయన నడుందాకా అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతారు, ఇద్దరూ వేర్వేరు చోట్ల నిలబడి ఉన్నారు. దాంతో ఎస్టిమేట్ వేయగలమా?

నేను ఈ రోజు చెప్పదలచుకున్నది అంతా ఈ ఒక్క సంగతే, దాన్నే నాలుగు రకాలుగా చెబుతాను. మన పనిలో ముఖ్యమైనవన్నీ కొద్దిసేపే కనబడతాయి. బురద గీత వానకి పోతుంది. పునాది గొయ్యి మట్టితో పూడిపోతుంది. ఇనుము కాంక్రీటులో మునిగిపోతుంది. రోడ్డు కింద పొర మీద ఇంకో పొర పడుతుంది. కనబడుతున్నప్పుడు అక్కడ ఎవరు నిలబడి చూశారు అన్నదే సూపర్‌విజన్. మూతపడ్డాక కారులో వచ్చి చుట్టూ తిరిగి, ప్లాస్టరింగు బాగుంది, రంగు బాగుంది అంటే దాన్ని సూపర్‌విజన్ అనరు.

ఇళ్ళ సంగతికి వద్దాం. ఫైలిన్ తర్వాత ప్రపంచ బ్యాంకు 15 కోట్ల 30 లక్షల డాలర్ల రుణంతో ఒడిశా డిజాస్టర్ రికవరీ ప్రాజెక్టు వచ్చింది. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ, అదే ఓఎస్‌డీఎంఏ, దాన్ని నడిపింది. సముద్రతీరపు గ్రామాల్లో పక్కా ఇళ్ళు, బరంపురంలో మురికివాడల్లో వసతులు అందులో భాగం. ఇళ్ళ పద్ధతి ఏమిటంటే, ఎవరి ఇల్లు వాళ్ళే కట్టుకున్నారు, డబ్బు దశలవారీగా వాళ్ళ ఖాతాలో పడేది, ప్రతి దశకీ ఎక్కడ తీశారో తెలిసేలా ఫొటో తీసి పంపాల్సి ఉండేది. ఇంటి పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఇచ్చారు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది, ఎందుకో కాసేపట్లో చెబుతాను.

గోపాల్‌పూర్, ఆర్జిపల్లి, మార్కండి వైపు మత్స్యకారుల ఊళ్ళు మీకు తెలుసు. ఇళ్ళల్లో మన తెలుగే. ఒడియావాళ్ళు నోలియాలు అంటారు. పాత ఇళ్ళు కూలిన చోట ఒకసారి స్లాబు ముక్కని దగ్గరగా చూడండి. కాంక్రీటు కింది పొర పెచ్చులుగా ఊడి ఉంటుంది. లోపల చువ్వ చిటికెన వేలంత ఉండవలసింది బొటనవేలంత లావై కనబడుతుంది. గోటితో గీకితే పొరలు పొరలుగా రాలుతుంది. అంతా రాలాక మిగిలేది ఎంత? అగ్గిపుల్లంత. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకంటే చాలా రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ఆ ఉబ్బుకి కాంక్రీటు పగిలిపోతుంది. ఆ ఇంటిని గాలి ఒక్కరోజులో కూల్చింది అనుకుంటాం. ఉప్పుగాలి దాన్ని పదేళ్ళ ముందు నుంచే తినేస్తోంది.

మరి దానికి మందు ఏమిటి? కవర్. చువ్వకీ బయటి గాలికీ మధ్య ఉండే కాంక్రీటు మందం. మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 సముద్రతీరపు వాతావరణాన్ని తీవ్రమైనదిగా లెక్కగట్టి 45 మిల్లీమీటర్ల కవర్, కనీసం ఎం30 గట్టిదనం ఉన్న కాంక్రీటు, సిమెంటు బరువులో 0.45 వంతుకి మించని నీళ్ళు అడుగుతుంది. కాగితం మీద అందరికీ తెలుసు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నారు. సైటులో ఏం జరుగుతుంది? కవర్ బ్లాకులు రాలేదని మేస్త్రీ చువ్వ కింద కంకర రాయి పెడతాడు. కాంక్రీటు పోసేటప్పుడు కూలీ దాని మీద అడుగు వేస్తాడు, రాయి జారిపోతుంది, చువ్వ వెళ్ళి సెంట్రింగు రేకుకి ఆనుకుంటుంది. పైనుంచి చూస్తే మీకేం తెలియదు. సెంట్రింగు విప్పాక కిందినుంచి చూస్తే స్లాబుకి చారలు కనబడతాయి. అప్పుడు ఏం చేస్తారు? సిమెంటు పూస్తారు. ఉప్పుకి దారి అక్కడే తెరిచి ఉంది.

కాబట్టి మొదట్నుంచీ బ్లాకులు సైటులోనే పోయించండి. అదే మిక్సు, మధ్యలో బైండింగ్ వైరు గుచ్చి, నీళ్ళలో నానబెట్టి ఉంచండి. వాటికి అయ్యే ఖర్చు ఎంత? ఏమీ లేదు. వాటి కోసం వారం ముందే ఆలోచించాలి, అంతే.

సన్‌షేడ్ గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. కిటికీ మీద ముందుకు పొడుచుకొచ్చే పలక అది. దానికి మెయిన్ ఇనుము పైన ఉండాలా, కింద ఉండాలా? ... పైన. శభాష్, అందరూ చెప్పారు. మేస్త్రీ కూడా పైనే కడతాడు, అతనికీ తెలుసు. కానీ కాంక్రీటు తట్టలు మోసుకొచ్చేవాళ్ళు ఆ చువ్వల మీంచే నడుస్తారు. నాలుగు అడుగులు పడేసరికి పైన ఉన్న ఇనుము కిందికి వంగుతుంది. పైన మందంగా కాంక్రీటు పడి లక్షణంగా కనబడుతుంది. అది ఏదో రోజు గాలికో బరువుకో మొదలంటా విరుగుతుంది. పోత పోసేటప్పుడు అక్కడ నిలబడి, నడవడానికి వేరే చెక్క వేయించి, వంగిన చువ్వని చేత్తో పైకి లాగించేవాడే ఇంజనీరు. బూట్లకి సిమెంటు అంటకుండా ఆ పని అవదు.

వానలు వెలిశాక తుపాను పనులు మొదలవుతాయి కదా, అప్పుడు ఇసుక అంతా తడిగానే వస్తుంది. ఋషికుల్య నుంచి వచ్చినా, బాహుదా నుంచి వచ్చినా తడే. తడి ఇసుక రెండు రకాలుగా మోసం చేస్తుంది. ఒకటి, తేమకి ఇసుక ఉబ్బుతుంది, 20 నుంచి 30 శాతం దాకా ఉబ్బవచ్చు. పెట్టెతో కొలిస్తే పెట్టె నిండుతుంది గానీ అందులో ఇసుక తక్కువ. రెండోది, అది తనతోపాటు నీళ్ళు తెస్తుంది. లెక్క వేద్దాం, పెన్ను తీయండి. బస్తా సిమెంటు 50 కిలోలు. 0.45 చొప్పున 22.5 లీటర్ల నీళ్ళు. బస్తాకి 90 కిలోల ఇసుక పడుతోందనుకోండి, అందులో 5 శాతం తేమ ఉందనుకోండి. 4.5 లీటర్లు ఇసుకలోనే వచ్చేశాయి. మీరు పోయవలసింది 18 లీటర్లే. కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర కుర్రాడు బకెట్టు లెక్కన మామూలుగా పోస్తూ పోతే ఏమవుతుంది? పల్చగా జావలా వస్తుంది, పోయడం సుఖం, మేస్త్రీ సంతోషం. గట్టిదనం పోయింది. అందుకే పొద్దున్నే పని మొదలయ్యేముందు ఇసుక గుట్టలో లోపలిదాకా చెయ్యి పెట్టి చూడండి, పాన్‌లో వేయించి తేమ చూడండి, దాన్నిబట్టి నీళ్ళు చెప్పండి. ఆ రోజుకి ఆ లెక్క. మర్నాడు మళ్ళీ చూడాలి.

ఇంకొక ప్రమాదం ఉంది. రోడ్డు తెగి లారీలు రాకపోతే, పక్కనే ఉంది కదా అని సముద్రపు ఇసుక కలిపేస్తారు. ఎవరో చెడ్డవాళ్ళు చేసేది కాదు, ఇంటాయనే చేస్తాడు, వాన వచ్చేలోగా కప్పు పడాలని. అతన్ని తిట్టి లాభం లేదు. ఆ ఉప్పు ఇనుముని ఏం చేస్తుందో, పడిపోయిన తన ఇంటి స్లాబు ముక్కే చేతికిచ్చి చూపించండి. నేను అలాగే చూపిస్తాను. ఆర్జిపల్లి వైపు ఒక అమ్మ ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది లోపల్నుంచే తినేసినాదేటి బాబూ" అంది. ఆ తర్వాత ఆమె ఇంటి దగ్గరికి వచ్చిన ప్రతి ఇసుక ట్రాక్టరునీ ఆమే ఆపి, చిటికెడు నోట్లో వేసుకుని చూసేది.

ఇప్పుడు చెబుతాను, ఎవరి ఇల్లు వాళ్ళు కట్టుకునే పద్ధతి నాకెందుకు నచ్చిందో. ఒక సైట్ ఇంజనీరుకి ఎన్ని ఇళ్ళు అప్పగిస్తారు? ఒకేసారి పది చోట్ల స్లాబులు పడతాయి. మనం అన్ని చోట్లా ఉండలేం. ఇంటామె ఉంటుంది. మగవాళ్ళు వేటకి పోతారు, లేదా మన గంజాంవాళ్ళు ఎప్పట్నుంచో పోతున్నట్టు సూరత్ పోతారు. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆ కట్టడం దగ్గర ఉండేది ఆమే. ఎన్ని తట్టల ఇసుక పడింది, బస్తాలు ఎన్ని విప్పారు, మధ్యాహ్నం భోజనాల తర్వాత నీళ్ళు ఎక్కువ పోశారా అన్నీ ఆమెకి తెలుసు. పట్టాలో ఆమె పేరు కూడా ఉంది. ఆమెకి మూడు నాలుగు విషయాలు సరిగ్గా చూపించి చెబితే, మనకంటే బాగా చూసుకుంటుంది. ఇంజనీరింగ్ చదువుకున్నామని ఆమె మాట వినకుండా మేస్త్రీతో మాత్రమే మాట్లాడి వెళ్ళిపోయేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. ముందు ఆమెని అడగండి. నిన్న ఏం జరిగిందమ్మా అని అడగండి.

అలాగే క్యూరింగు, అంటే పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా తడుపుతూ ఉండటం. మన మార్కెట్లో దొరికే సిమెంటు ఎక్కువగా ఉక్కు ఫ్యాక్టరీ స్లాగ్‌దో, బొగ్గు బూడిద, అంటే ఫ్లైయాష్, కలిసిందో. అలాంటి సిమెంటుకి తక్కువలో తక్కువ 10 రోజులు తడి ఆరకుండా ఉంచాలి, 14 రోజులు ఉంచితే మంచిది. ఎవరు తడపాలి? ఇంటామే. ఏ నీళ్ళతో? ఇక్కడ ఆగి ఆలోచించండి. తీరపు ఊళ్ళో చేతిపంపు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. మంచినీళ్ళ బోరు ఊరికి ఒకటి, దాని దగ్గర బిందెల వరస. తాగడానికే చాలని నీళ్ళు స్లాబుకి పొయ్యమని మనం నోటితో చెప్పి బైకెక్కి వెళ్ళిపోతే ఆమె ఏం చేస్తుంది? పిల్లలకి పెట్టుకుంటుంది, స్లాబు ఎండుతుంది. తప్పు ఆమెదా? కాబట్టి క్యూరింగు నీళ్ళకి ట్యాంకరు, గోనెసంచులు, స్లాబు మీద మడి కట్టడానికి మట్టి, ఇవన్నీ ఎస్టిమేట్‌లోనే పెట్టించాలి. పెట్టకపోతే అది పని లెక్కలోకి రాదు, లెక్కలోకి రానిది జరగదు.

ఇక కొండ ప్రాంతం. గజపతి జిల్లా పనులు తీరపు పనుల్లాంటివి కావు. అక్కడ శత్రువు గాలి కంటే నీళ్ళు. పర్లాకిమిడి దాటి పైకి వెళ్తే, తిత్లీకి తెగిన చోట్లు ఎక్కువగా ఎక్కడ? కల్వర్టు నిలబడే ఉంది, రెండు వైపులా రోడ్డు కొట్టుకుపోయింది. ఎందుకని? వాగులో నీళ్ళొక్కటే రాలేదు. చెట్లు వచ్చాయి, బండలు వచ్చాయి. కల్వర్టు నోరు మూసుకుపోయింది. నీళ్ళు రోడ్డు మీంచి పొర్లి, పక్కనున్న మట్టిని కోసేశాయి. పాతదాని సైజులోనే కొత్తది కట్టి, దానికి రెండు వైపులా వేసే అప్రోచ్ మట్టిని పొక్లెయిన్‌తో ఒకేసారి దింపి పైన నాలుగు సార్లు రోలరు తిప్పితే, మళ్ళీ అదే జరుగుతుంది. పొర పొరగా వేయాలి, ఒక్కో పొరకి తగినంత తేమ ఉండాలి, ప్రతి పొరకీ కోర్ కట్టరు గొట్టం దింపి మట్టి తీసి సాంద్రత చూడాలి, సరిపోతేనే పై పొర. ఇది నిజంగా విసుగు పుట్టించే పని. కాంట్రాక్టరు గోల పెడతాడు, బ్లాకు ఆఫీసు నుంచి ఫోన్లు, ఊరి వాళ్ళు అంబులెన్సు రావట్లేదు బాబూ అంటారు. వాళ్ళ బాధ న్యాయమైనదే. అందుకే ముందు పక్కనుంచి తాత్కాలిక దారి వేయించండి, హ్యూం పైపులు, అంటే సిమెంటు గొట్టాలు, పరిచి. బళ్ళు తిరగడం మొదలైతే అసలు పని మీద ఒత్తిడి సగం తగ్గుతుంది. అది వేయకుండా అసలు పనిని తొందరపెట్టించుకుంటే మన టెన్షన్‌లో మనమే పొరలు వదిలేస్తాం.

రిటైనింగ్ వాల్స్‌లో, అంటే మట్టిని ఆపే గోడల్లో, వీప్ హోల్స్ ఉంటాయి కదా. గోడ వెనక చేరిన నీళ్ళు బయటికి రావడానికి. గోడ ముందు నిలబడి లెక్కపెడితే అన్నీ ఉంటాయి. వెనక వైపు రాళ్ళ ఫిల్టర్ వేశారా, లేక తవ్విన బంకమట్టినే తోసేశారా? అది మట్టి నింపే రోజున మాత్రమే కనబడుతుంది. ఆ రోజు వెళ్ళలేకపోతే, ఇంకోదారి ఒకటే, వాన పడ్డాక వెళ్ళి చూడటం. నీళ్ళు వస్తే సరే. రాకపోతే గోడ వెనక చెరువు తయారవుతోంది.

చివరగా షెల్టర్ల మాట. తుపాను షెల్టరు అంటే స్తంభాల మీద నిలబెట్టిన బడి. కింద ఖాళీ, పైన హాలు, మెట్లతోపాటు ర్యాంపు. 2015లో మార్చిన గాలి కోడ్ ప్రకారం తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు కట్టే ఇలాంటి భవనాలకి గాలివేగాన్ని 1.30తో గుణించి లెక్క వేయాలి. మన తీరానికి మూలవేగం సెకనుకు 50 మీటర్లు. అంటే డిజైనరు చాలా జాగ్రత్తగానే ఇస్తాడు. ఆ జాగ్రత్త సైటులో ఎక్కడ పోతుంది? స్తంభం బీమును కలిసే చోట పోతుంది. అక్కడ ఇనుము కిక్కిరిసి ఉంటుంది, రింగులు పెట్టడం కష్టమని మేస్త్రీ రెండు వదిలేస్తాడు, రింగు కొక్కెం లోపలికి వంచకుండా 90 డిగ్రీలతో సరిపెడతాడు. వైబ్రేటరు దూరకపోతే లోపల తేనెపట్టులా ఖాళీలు మిగులుతాయి. కాబట్టి షెల్టరు పనిలో మీరు ఒకే ఒక్క రోజు రాగలిగితే, బీములు మూసే ముందురోజు రండి. చేతిలో టార్చిలైటు పెట్టుకుని ప్రతి జాయింటు లోపలికీ వేసి చూడండి. ఫొటో తీయండి, సైట్ ఆర్డర్ బుక్‌లో రాయండి, మేస్త్రీ చేత కూడా సంతకం పెట్టించండి. ఎంబీలో, అంటే మెజర్‌మెంట్ బుక్‌లో, కొలతలు ఎక్కించడం దాని తర్వాత.

అప్పగించే రోజున ఒక పని తప్పనిసరిగా చేయించండి. ప్రతి షెల్టరుకీ ఊరి కమిటీ ఉంటుంది. వాళ్ళని మేడ మీదికి తీసుకెళ్ళండి, ఆడవాళ్ళతో సహా. వాననీళ్ళ పైపు నోరు ఎక్కడుందో చూపించండి, ఆకులు పడితే ఎలా తీయాలో వాళ్ళ చేతే తీయించండి. జనరేటరు వాళ్ళ చేతే స్టార్టు చేయించండి. గట్టు మీది చేతిపంపు కొట్టించండి. తాళంచెవులు ఎవరి దగ్గర ఉంటాయి, ఆయన ఊళ్ళో లేకపోతే రెండోది ఎవరి దగ్గర, ఆ పేర్లు గోడ మీద పెయింటుతో రాయించండి. సెప్టెంబరు నెలాఖరుకి ఇవన్నీ ఒకసారి మళ్ళీ చూసుకోవాలని వాళ్ళ రిజిస్టరులో రాసి రండి. మీ ఫోను నంబరు కూడా అక్కడే రాయండి.

ఇంక మీరు అడగండి. కల్వర్టు లెక్కల గురించి ఎవరో చెయ్యి ఎత్తారు, ముందు మీరే అడగండమ్మా.